నల్ల దొరసాని చామమడి

మొన్న ఒక మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోన్‌లో ఏదో భాష నేర్చుకుంటోంది. దానికదో సరదా. ఒక నెల కొరియన్ అంటుంది, ఇంకో నెల స్పానిష్ అంటుంది. నేను పక్కనే నేల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు నిదానంగా ఒక మాట పలికింది.

"ఆయ్‌నా."

"భూమి," అన్నాను నేను తలెత్తకుండానే. "తిండి పెట్టేది అని."

ఒక్క క్షణం ఆగి ఫోన్ కూడా అదే చెప్పింది. మనవరాలు దాన్ని ఆపేసి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, ఇది హవాయి భాష. నీకెట్ల తెలుసు?"

"చిన్నప్పుడు విన్న."

"ఎక్కడ? హన్మకొండలనా?"

"హన్మకొండలనే."

అది నమ్మలేదు. కళ్లు కొంచెం చిన్నవి చేసి, నేనేదో దాస్తున్నట్టు చూసింది. అది మా ఇంటి చూపు. మా బాపు నుంచి నాకొచ్చింది, నా నుంచి దానికి పోయినట్టుంది. ఆ చూపుతోనే మేము ఒక మనిషిని ఏడాదిన్నర పాటు చూశాం.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. హనుమకొండలో గుట్టబండల పక్కన ఒక మిషన్ దవాఖాన ఉండేది. ఇప్పుడు ఆ జాగాలో బట్టల దుకాణాలు, పైన కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. బాపు అక్కడ కంపౌండరు. నాయినమ్మ కాన్పుల వార్డులో ఆయా. అమ్మ నా రెండో ఏటే పోయింది. మేం ముగ్గురం దవాఖాన వెనక పెంకుటి క్వార్టర్లలో చివరి దాంట్లో ఉండేవాళ్లం. ఆ కాంపౌండులో ఎవరు ఏ పని చేస్తారో కళ్లు మూసుకుని వాసనతో చెప్పేదాన్ని. బాపు చొక్కాకు దగ్గుమందు తీపి వాసన. నాయినమ్మ కొంగుకు ఫినాయిలు, పసిపిల్లల ఒంటి వాసన కలిసి ఉండేవి. గేటు తాతకు బీడీలు. ఎండాకాలం సాయంత్రం బండల మీద నీళ్లు చల్లితే లేచే వేడి వాసన మాత్రం అందరిదీ.

దవాఖానకు పెద్ద డాక్టరు ఒక అమెరికన్ ఆమె. తెల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందరలో ఉండేది. అందరం పెద్ద దొరసాని అనేవాళ్లం. ఒక వానాకాలం చివర్లో, కాన్పుల వార్డుకు కొత్త నర్సు వస్తోందని, ఆమెది కూడా అమెరికానే అని చెప్పారు. కొత్త దొరసానిని చూద్దామని పిల్లలమంతా గేటు దగ్గర నిలబడ్డాం. జీపు వచ్చింది. అందులోంచి గోధుమరంగు మనిషి ఒకామె దిగింది. వెడల్పు భుజాలు, మెడ మీద పెద్ద కొప్పు, చెవి పక్కన పువ్వు. గేటు తాత పెట్టె దించి జీపు లోపలికి తొంగిచూసి, ఆమెనే అడిగాడు.

"అమ్మా, దొరసాని ఏది? ఎనక బండిల వస్తాందా?"

ఆమె అర్థం చేసుకుని పెద్దగా నవ్వి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తాత పెట్టె కింద పెట్టేశాడు. ఆ రోజు సాయంత్రానికల్లా ఆమె పేరు నల్ల దొరసాని అయింది.

బాపుకు ఆ రోజే మొదలైంది.

"అమెరికా అంటాన్రు. అమెరికోళ్లు గిట్లుంటరా?" అన్నాడు జొన్న గటకలో పచ్చిపులుసు పోసుకుంటూ.

"మరి ఎక్కడిదిరా?" అంది నాయినమ్మ.

"గదే తెలుస్తలేదు. తెలిసేటట్టు చెప్తలేరు కూడ."

బాపు చెడ్డమనిషి కాదు. మందు సీసాల మీద చీటీలు అతికించే పని ఆయనది. ఏ సీసాలో ఏముందో తెలియకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆమె ఆయనకు చీటీ లేని సీసా.

దానికి తోడు, ఆరు నెలల్లో ఆమెకు తెలుగు వచ్చేసింది. సగం పుస్తకాల తెలుగు, సగం కాన్పుల వార్డు తెలుగు. "జర ఓర్చుకో బిడ్డా, తల కనపడుతున్నది," అని ఆమె అంటుంటే నొప్పులు పడేవాళ్లు కూడా ఒక్కసారి ఆగి చూసేవాళ్లట. నాయినమ్మకు అది ముచ్చట. బాపుకు మాత్రం అది రుజువు.

"పెద్ద దొరసాని వచ్చి పదిహేనేండ్లాయె. ఇప్పటికి సుత 'నొప్పి ఎక్కడ ఉన్నాడు' అంటది. ఈమెకు ఆర్నెల్లల్ల ఎట్ల వచ్చింది? ముందే నేర్పి పంపిన్రు."

"ఎవరు పంపిన్రురా?"

"నాకేం తెలుసు? పంపినోళ్లకు తెలుసు."

ఆమె దగ్గర ఒక నల్ల అట్ట నోటుపుస్తకం ఉండేది. పనిలేనప్పుడల్లా దాంట్లో ఏదో రాసుకునేది. ఒకరోజు నాయినమ్మను కూర్చోబెట్టుకుని వానల పేర్లు అడిగిందట. నాయినమ్మ ఉత్సాహంగా చెప్పింది. చినుకు, తుంపర, జల్లు, ముసురు, రాళ్లవాన. ఏ వాన ఎప్పుడు పడుతుంది, ఎటువైపు నుంచి వస్తుంది అని కూడా అడిగి అన్నీ రాసుకుందట. అది విని బాపు తింటున్న చెయ్యి ఆపేశాడు.

"వానల ముచ్చట ఆమెకెందుకు? పంటల లెక్క తీస్తాంది. ఏ నెలల వాన పడ్తది, ఏ చెరువు నిండుతది, అంత రాసి పంపుతాంది."

మర్నాడు నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు చిన్నపిల్లవు. నువ్వు పోతే ఏమనదు. ఆ బుక్కుల ఏమున్నదో జర చూసిరా. ఎవ్వలతోని అనకు."

నాకది చాలా గొప్పగా అనిపించింది. బాపు నన్ను ఒక పని మీద పంపడం అదే మొదటిసారి.

అట్లా నేను రోజూ బడి నుంచి రాగానే ఆమె ఇంటికి పోవడం మొదలుపెట్టాను. ఆమెది బావి పక్కన ఒక చిన్న ఇల్లు. వెళ్లగానే బొరుగులో, సీతాఫలమో పెట్టేది. ఒకరోజు ఆమె స్నానానికి పోయినప్పుడు పుస్తకం తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఇంగ్లీషు కాదు. ఒకే నాలుగైదు అక్షరాలు మళ్లీ మళ్లీ. ఒక వరుసను గబగబా నా పలక మీద ఎక్కించుకుని ఇంటికి పరుగెత్తాను.

బాపు దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. డాక్టర్ల చేతిరాతలు చదివే మనిషి. ఒక్క ముక్క కూడా తెలియలేదు.

"ఇది కోడు," అన్నాడు చివరికి. ఆయన గొంతులో భయం ఉంది, కొంచెం సంతోషం కూడా ఉంది.

నాకు మాత్రం ఆ ఇంటికి పోవడం అలవాటైపోయింది. ఆమె కథలు చెప్పేది. తనది సముద్రం మధ్యలో దీవులు అని, ఇప్పుడు వాటిని అమెరికా అంటున్నారు గానీ తన నాయినమ్మ పుట్టినప్పుడు అది వేరే దేశమని చెప్పింది. నాయినమ్మను వాళ్ల భాషలో టూటూ అంటారట. వాళ్ల భాషకు పన్నెండే అక్షరాలట.

"నాకు మీ తెలుగు తొందరగా ఎందుకు వచ్చిందో తెలుసా?" అంది ఒకరోజు. "మీ మాటలకు చివర తలుపు తెరిచే ఉంటుంది. చెట్టు, నీళ్లు, అమ్మ, అన్న. మా మాటలూ అంతే. ఒక్క మాట కూడా నోరు మూసుకుని అయిపోదు."

ఇంకోరోజు వాళ్ల రాణి సంగతి చెప్పింది. చెరకుతోటల ఆసాములు, వ్యాపారులు కలిసి తుపాకులవాళ్లను తెచ్చుకుని ఆమెను గద్దె దించారట. తర్వాత ఆమె ఇంట్లోనే ఒక గదిలో పెట్టి తాళం వేశారట. ఆ వ్యాపారుల్లో కొందరి తాతలు బైబిలు పట్టుకుని ఆ దీవులకు వచ్చినవాళ్లేనట. "మా టూటూ ఆ రాణి కోసం చర్చిలో ఏడ్చేది," అంది. "దేవుని మీద కోపం లేదు ఆమెకు. తెచ్చినవాళ్ల మనవళ్ల మీద ఉండేది."

నేను ఇవన్నీ తెచ్చి బాపుకు అప్పజెప్పేదాన్ని. అయితే తొమ్మిదేళ్ల పిల్ల తెచ్చినట్టు తెచ్చేదాన్ని, సగం దారిలో పడేసి. బాపు ఆ ముక్కలను తన లెక్కలో అతికించుకునేవాడు. "చూసినవా అమ్మా, పెద్ద దొరసాని వాళ్ల మీద పగ ఉన్నది ఈమెకు," అన్నాడు నాయినమ్మతో. నాయినమ్మ వక్కలు కొరుకుతూ, "పగున్న మనిషి నా రోలు అడగదురా," అంది.

రోలు అడిగింది నిజమే. చామగడ్డల కోసం.

బావి గచ్చు మీద నుంచి జారే నీళ్లు ఊరికే పోతున్నాయని ఆమె అక్కడ చిన్న గట్టు కట్టింది. వరిమడి లెక్క చదును చేసి, కూరగాయల మార్కెట్టు నుంచి తెచ్చిన చామగడ్డలు నాటింది. నాలుగు నెలలకు నా నడుం దాకా లేచాయి. వెడల్పు ఆకులు, మీద నీటిబొట్లు ముత్యాల్లా దొర్లేవి. గడ్డలు ఉడకబెట్టి, నాయినమ్మ రోట్లో నీళ్లు చిలకరిస్తూ గంటసేపు దంచేది. బూడిదరంగు ముద్ద అయ్యేది. దాన్ని ఒక చెక్కగిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి, రెండు మూడు రోజులు పులవనిచ్చి వేళ్లతో తినేది. చుట్టుపక్కల వాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకునేవాళ్లు. నాయినమ్మ ఒక్కతే వేలితో తీసుకుని నాకింది.

"ఇదేందే, మన పులిసిన అంబలే గద," అంది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు.

కానీ గడ్డ తవ్వే ముందు ఆమె ఆ మొక్కలతో మాట్లాడేది. వంగి, ఆకు మీద చెయ్యి పెట్టి, ఏదో మెల్లగా అనేది. గేటు తాత చూశాడు. "మన భాష కాదు, ఇంగ్లీషు కాదు," అని కాంపౌండంతా చెప్పాడు. మా చర్చి అయ్యగారు ఆ ఆదివారం ప్రసంగంలో మంత్రాలు, సోదెల జోలికి పోవద్దని గట్టిగా చెప్పాడు. పేరు ఎత్తలేదు. అందరి తలలూ మాత్రం ఆమె కూర్చున్న వరుస వైపు తిరిగాయి. ఆమె కళ్లు మూసుకుని పాట అందుకుంది. మా పాటే, తన భాషలో.

ఒక మధ్యాహ్నం నేనే అడిగాను. "చెట్లతోని ఏమంటవ్?"

"అన్నా, తీసుకుంటున్నా అని చెప్తా."

"అన్ననా?"

ఆమె చెప్పింది. వాళ్ల పాత కథల్లో, ఆకాశానికి మొదట పుట్టిన బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడట. వాణ్ని ఇంటి పక్కన పాతిపెడితే అక్కడ చామమొక్క మొలిచిందట. తర్వాత పుట్టిన రెండోవాడు మనిషి. అందుకే చామ వాళ్లకు పెద్దన్న. మనిషి వాణ్ని చూసుకుంటే వాడు మనిషికి తిండి పెడతాడు. "ఆయ్‌నా అంటే అదే," అంది. "తిండి పెట్టేది. భూమి." వాళ్ల నాన్న మళ్లకు వచ్చే నీళ్లను చెరకుతోటల వాళ్లు కాలువలు తవ్వి మళ్లించుకుంటే ఆ పెద్దన్న ఎండిపోయాడని కూడా చెప్పింది.

నా మనసు అంతవరకు పోలేదు. పాతిపెట్టిన పిల్లాడి దగ్గరే ఆగిపోయాను. ఆమె పనిచేసేది కాన్పుల వార్డులో. అక్కడ అప్పుడప్పుడు ప్రాణం లేని పిల్లలు పుడతారని నాయినమ్మ మాటల్లో విన్నాను.

ఇంటికి పోయి బాపుతో చెప్పాను. "చచ్చిపుట్టిన పిల్లను పాతిపెడితె చామ మొలుస్తదట. ఆమెనే చెప్పింది."

బాపు ముఖం మారిపోయింది. తర్వాత, "ఎవ్వలతోని అనకు," అన్నాడు. కానీ తనే ఎవరితోనో అన్నట్టున్నాడు. రెండు రోజుల్లో బావి దగ్గరికి నీళ్లకు పోయే ఆడవాళ్లు ఆ మడిని చూసి దూరంగా నడవడం మొదలుపెట్టారు.

నాకు నిద్రలో ఆ ఆకుల కింద నుంచి చిన్న చేతులు కనిపించేవి. చూస్తే గాని తీరదనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి అందరూ మాంసం కూర తిని పడుకున్నాక, నాయినమ్మ కొడవలి పట్టుకుని మడిలోకి దిగాను. బురద మోకాళ్ల దాకా చల్లగా ఉంది. ఒక మొక్క మొదట్లో తవ్వాను. చేతికి గుండ్రంగా, వెంట్రుకలతో ఏదో తగిలింది. లాగితే చామగడ్డ. ఇంకోటి తవ్వాను. అదీ చామగడ్డే. అయినా నాకు నమ్మకం కలగలేదు. ఏదో మోసం ఉందనిపించి, గడ్డ మీద తోలు గోరుతో గీకి, కొరికి చూశాను.

నోట్లో వెయ్యి సూదులు గుచ్చుకున్నట్టయింది. పెదాలు, నాలుక, గొంతు మంట. ఉమ్మేసినా పోలేదు. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. నాయినమ్మ లేచి నా నోరు చూసింది. పెదాలు బూరెల్లా ఉబ్బాయట.

"ఏం తిన్నవే? చామనా? పచ్చిది తిన్నవా?"

అప్పుడే బాపు లోపలికి వచ్చాడు. ఆయన చేతిలో బెల్టు లేదు, కర్ర లేదు. అయినా కొడవలి దొంగతనంగా తీసుకుని, వేరేవాళ్ల మడి తవ్వినదాన్ని. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నల్ల దొరసాని పెట్టింది."

నా ఏడుపు విని ఆమె కూడా పరుగెత్తుకొచ్చింది, చేతిలో పెరుగు గిన్నెతో. నా నోట్లో పెరుగు పోయబోతే బాపు ఆమె చెయ్యిని తోసేశాడు. గిన్నె గోడకు తగిలి పెరుగంతా గచ్చు మీద పడింది.

"ఇప్పటిదాక పెట్టింది చాలు," అన్నాడు.

ఆమె నన్ను చూసింది. నా చేతులు చూసింది. మోచేతుల దాకా బురద. కింద పడ్డ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. నాయినమ్మ చింతపండు పిసికి నోట్లో పోసింది. పొద్దుగూకేసరికి మంట తగ్గింది. అబద్ధం మాత్రం అప్పటికే కాంపౌండు దాటిపోయింది.

మర్నాడు పొద్దున నల్ల దొరసాని ఇంటి వరండాలో పెద్ద దొరసాని, చర్చి అయ్యగారు, బాపు, ఇంకా నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. నన్ను బాపు పక్కన నిలబెట్టారు. బాపు గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆమె లోపలికి పోయి తన చెక్కగిన్నె తెచ్చి అందరి మధ్యలో పెట్టి, మీద గుడ్డ తీసేసింది. పులిసిన వాసన వచ్చింది.

"మా ఇంట్లో ఈ గిన్నె తెరిచి ఉన్నప్పుడు ఎవరూ కొట్లాడరు," అంది. "మీరు అడగండి. నేను కొట్లాడను."

"చూసిన్రా?" అన్నాడు బాపు అందరి వైపు తిరిగి. ఆయనకు అది కూడా ఒక మంత్రం.

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, పిల్లకు పచ్చి చామగడ్డ మీరు పెట్టిన్రా?"

ఆమె నా వైపు చూసింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

"పాపను కుట్టింది నా మొక్కే," అంది. "కంచె వేయకపోవడం నా తప్పు."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పగలిగింది అదే."

అప్పుడు అయ్యగారు అసలు మాట బయటపెట్టాడు. ఆ మడి కింద ఏమున్నదో అందరికీ అనుమానంగా ఉందని, తవ్వి చూస్తే మంచిదని. పెద్ద దొరసానికి తెలుగు సరిగా తెలియక, "ఏమి? ఏమి ఉన్నది?" అని అడుగుతోంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. నల్ల దొరసానికి మాత్రం అర్థమైంది. ఆమె ముఖం ఎట్లా అయిందో నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. పదేళ్లు పెద్దదైనట్టు కనిపించింది.

ఒక మనిషిని పార పట్టుకురమ్మన్నారు. ఆమె వద్దంది. చెప్పులు విడిచి తనే మడిలోకి దిగింది. ఒక్కో మొక్క దగ్గరా వంగి, ఆకు మీద చెయ్యి పెట్టి, ఆ మాట అని, చేతులతోనే పెకిలించింది. దాదాపు నలభై మొక్కలు. అందరం గట్టు మీద నిలబడి చూశాం. ఆఖరి మొక్క తీశాక మడంతా నల్లటి నీళ్లు, గుంటలు. గుంటల్లో బురద తప్ప ఏమీ లేదు. ఆమె ఒంటి మీద చీర బురదతో బరువెక్కి ఒంటికి అంటుకుపోయింది.

తప్పయిందని ఎవరూ అనలేదు. అయ్యగారు గడియారం చూసుకున్నాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పోతూ పోతూ ఒకరు అనడం విన్నాను: "సరే, మరి పిల్లకు పచ్చిది ఎందుకు పెట్టినట్టు?"

ఆ గడ్డలన్నీ ఆమె కడిగి బుట్టల్లో పెట్టి ప్రతి క్వార్టరు గడప మీదా ఒక బుట్ట ఉంచింది. అందరూ గోడ అవతల పారేశారు. నాయినమ్మ ఒక్కతే చింతపండు వేసి పులుసు పెట్టింది. నేను ముద్ద కలిపి కంచంలోనే పెట్టేశాను.

"తిను," అంది నాయినమ్మ. "ఇందుల ఏం లేదు. ఆ వార్డుల ప్రాణం లేకుంట పుట్టిన పిల్లలను కడిగి, గుడ్డల చుట్టి, తల్లి చేతిల పెట్టేది నేను. ఒక్కరు తక్కువైతే నాకు తెల్వదా?"

"మరి నిన్న అందరి ముందట చెప్పకపోతివి?"

"నన్ను ఎవలడిగిన్రే?"

వారం తర్వాత నేను ఆమె ఇంటికి పోయాను. వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో నోటుపుస్తకం. నేను ఎదురుగా నిలబడి, మాటలు ముందే అనుకుని వచ్చినా, ఒక్కసారిగా ఏడ్చేశాను. "నేనే తవ్విన. నువ్వు పెట్టలే," అని ఎట్లాగో చెప్పాను.

"నాకు తెలుసు. నీ చేతులు చూశాను."

"మరి చెప్పకపోతివి?"

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ల అమ్మ సంగతి చెప్పింది. వాళ్ల అమ్మ చిన్నప్పుడు బడిలో సొంత భాష మాట్లాడితే కొట్టేవాళ్లట. ఎవరు మాట్లాడారో పిల్లలే చెప్పాలట. ఒకరోజు వాళ్ల అమ్మ నోట ఒక మాట జారింది. పంతులు ఎవరని అడిగితే, భయపడి పక్కన కూర్చున్న స్నేహితురాలిని చూపించింది. ఆ పిల్ల చేతుల మీద వాతలు తేలాయి. ఆ పిల్ల తర్వాత బడికి రాలేదు. వాళ్ల అమ్మ ఆ రోజు నుంచి చచ్చిపోయేదాకా ఆ భాషలో ఒక్క మాట మాట్లాడలేదు, సొంత బిడ్డతో కూడా. నల్ల దొరసాని ఆ భాష నేర్చుకున్నదంతా టూటూ దగ్గరే.

"మా అమ్మ ఆ పిల్లకు ఎన్నడూ చెప్పలేదు, నేనే అని. నువ్వు నాకు చెప్పినవు. మీ బాపుకు కూడా చెప్పు. ఈరోజే అక్కర్లేదు. కానీ ఎన్నడూ చెప్పకుండా ఉండిపోకు."

తర్వాత పుస్తకం తెరిచి చూపించింది. ఒకవైపు టూటూ మాటలు, మరచిపోకుండా గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు. ఇంకోవైపు మా మాటలు. నేను పలక మీద ఎత్తుకుపోయిన వరుస ఒక వాన పేరట. వాళ్ల లోయలో కొండ మీద నుంచి దిగి, ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోయే సన్నటి వాన.

ఆ ఎండాకాలం ఆమె వెళ్లిపోయింది. ఇక్కడ ఉండటానికి కాగితాలు మళ్లీ ఇవ్వలేదన్నారు. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత నాలుగేళ్లలో మిగతా దొరసానులు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కనుక అది నా వల్లే అని ఖాయంగా అనలేను. నా వల్ల కాదని కూడా అనలేను. బాపుతో చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. పదో తరగతి పాసైన రోజు వచ్చింది. నా పెళ్లి నాడు వచ్చింది. నాయినమ్మ పోయిన రోజు కూడా వచ్చింది. ప్రతిసారీ ఇప్పుడు కాదులే అనుకున్నాను.

బాపు చివరి ఏడాది నా దగ్గరే ఉన్నాడు. మంచం మీద నుంచి లేవలేకపోయేవాడు. ఒకరోజు బయట ముసురు పడుతుంటే కిటికీ వైపు చూస్తూ ఆయనే అన్నాడు.

"నల్ల దొరసాని యాదికున్నదా నీకు?"

"ఉన్నది."

"ఆమెను పంపించింది నేనే. హైదరాబాదుల సర్కారోళ్లకు ఉత్తరం రాసిన."

నా చేతిలో మందు గ్లాసు ఉంది. దాన్ని పక్కన పెట్టాను. "ఏమని రాసినవ్ బాపు?"

"మూడు ముచ్చట్లు రాసిన. ఏ దేశం మనిషో తెలుస్తలేదని రాసిన. వానల లెక్కలు తీసి పంపుతాందని రాసిన. నా బిడ్డకు విషం పెట్టిందని రాసిన. ముందటి రెండిటికి రుజువు లేకుండె. మూడోదానికి నువ్వున్నవ్."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఆమె పెట్టలే బాపు. నేనే తవ్వుకొని కొరికిన. నువ్వు తిడతవని అబద్ధం చెప్పిన."

ఆయన నా వైపు తిరగలేదు. తిడతాడనుకున్నాను. ఏడుస్తాడేమో అనుకున్నాను.

"ఇంతకు ఆమెది ఏ ఊరే?" అన్నాడు.

చెప్పాను. దీవుల సంగతి, నీళ్లు మళ్లించుకున్న తోటల సంగతి, తాళం వేసిన రాణి, బడిలో దెబ్బలు తిన్న పిల్ల, వానల పేర్లు, పెద్దన్న. ఆ మధ్యాహ్నమంతా చెప్తూనే ఉన్నాను. ఆయన చిన్నపిల్లాడిలా మధ్యమధ్యలో "అవునా?" అంటూ విన్నాడు. అయిపోయాక కళ్లు మూసుకున్నాడు.

"గింత కథ ఉన్నదా," అన్నాడు. "ఒక్కపారి అడిగితె అయిపోతుండె."

అడిగితే చెప్పేది. మా గడపకూ ఆమె గడపకూ మధ్య నలభై అడుగులు కూడా ఉండేవి కావు.